మాట పడిపోయిన రోజుకు ఒక కాగితం



మన ఇళ్లలో కాగితాలకు కొదవ లేదు. పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది, ఇంటి దస్తావేజు ఉంటుంది, ఎల్‌ఐసీ బాండు ఉంటుంది, ఆధార్ కార్డుకు నాలుగు జిరాక్సులు కూడా ఉంటాయి. కాస్త ముందుచూపున్నవాళ్లు వీలునామా రాసి రిజిస్టరు చేయించి పెడతారు. మనం పోయాక పొలం ఎవరికి రావాలో, ఇల్లు ఎవరికి చెందాలో, మెడలోని గొలుసు ఏ మనవరాలికి ఇవ్వాలో అన్నీ రాసుకుంటాం. కానీ పోవడానికి ముందు, ఒంట్లో ప్రాణం ఉండి మాట పడిపోయిన రోజుల్లో, మన ఒంటికి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఎక్కడా రాసి పెట్టుకోం. న్యాయవాదిగా వీలునామాలు రాసిపెట్టేటప్పుడల్లా నాకు ఈ లోటు కనిపిస్తూనే ఉంటుంది. ఆస్తికి ఇచ్చిన నోరు మనిషి తన ఒంటికి ఇచ్చుకోలేదు.

ఆ లోటు తీర్చే కాగితం ఒకటి ఉంది. వాడుకలో దాన్ని లివింగ్ విల్ అంటున్నారు. సుప్రీంకోర్టు తీర్పుల్లో అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్ అని ఉంటుంది. ముందస్తు వైద్య నిర్దేశం అని మనం చెప్పుకోవచ్చు. ఇవాళ దాని గురించి వివరంగా మాట్లాడతాను. కలం, కాగితం దగ్గర పెట్టుకుంటే మధ్యలో రాసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

నిజానికి మన పెద్దవాళ్లు ఈ విషయం చెప్పకుండా ఏమీ లేరు. రోజూ చెబుతూనే ఉంటారు. కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి నాయనా అంటారు. మంచాన పడి ఒకరి చేత చేయించుకునే రాత రాకూడదంటారు. పక్కింటి పెద్దాయన్ని ఆస్పత్రిలో చూసి వచ్చిన రోజున, నాకు మాత్రం ఆ గొట్టాలూ అవీ పెట్టించకండర్రా అని గట్టిగానే అంటారు. వినేవాళ్లు ఏమంటాం? ఊరుకో అమ్మా, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అంటాం. నీకేం నాన్నా, నిక్షేపంలా ఉన్నావు అని మాట మార్చేస్తాం. ప్రేమ కొద్దీ మారుస్తాం, భయం కొద్దీ మారుస్తాం. అలా ఆ మాట గాలికి పోతుంది.

తర్వాత ఒక రాత్రి వస్తుంది. డెబ్బయ్ ఎనిమిదేళ్ల తండ్రికి మెదడులో రక్తనాళం చిట్లుతుంది. ఊరి నుంచి అంబులెన్సులో పట్నం తీసుకొస్తారు. ఐసీయూ తలుపు తెరుచుకుని డ్యూటీ డాక్టరు బయటికి వస్తాడు. రక్తస్రావం ఎక్కువగా ఉంది, ఊపిరి సొంతంగా తీసుకోలేకపోతున్నారు, ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టాలి, మీరేమంటారు అని ఫారం చేతిలో పెడతాడు. ఆ వరండాలో పెద్దకొడుకు ఉంటాడు, కూతురూ అల్లుడూ ఉంటారు, డాలస్‌లో ఉన్న చిన్నకొడుకు వాట్సాప్ వీడియోలో ఉంటాడు. పక్కనే గోడకు ఆనుకుని తల్లి కూర్చుని ఉంటుంది. ఆమెను ఎవరూ అడగరు.

మీరేమంటారు అన్న ఆ ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్లకు ఉంటుంది. వద్దంటే ఖర్చుకు వెనకాడి తండ్రిని చంపుకున్నాడంటారని పెద్దకొడుకు భయం. వద్దన్న మాట ఆడపిల్ల నోట రాకూడదని కూతురి బాధ. దూరాన ఉండి సేవ చేయలేకపోయానన్న దిగులుతో చిన్నకొడుకు, ఎంతైనా సరే అన్నీ చేయించండి, డబ్బు నేను పంపిస్తాను అంటాడు. ముగ్గురిదీ ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ వరండాలో వినబడని మాట ఒకటే, అది ఆ తండ్రిది. డాక్టరు అడగవలసింది మీరేమంటారని కాదు, ఆయన ఏమని ఉండేవారని. అలా అడిగినా చెప్పగలిగేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

ఇక ఇరవయ్యో రోజు గురించి చెప్పాలి. ఇది చెప్పడం కష్టం, కానీ చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. గొంతుకు కోత పెట్టి అక్కడ ట్యూబు అమర్చి ఉంటారు. వీపు మీద పుండ్లు పడతాయి. రోజుకో పరీక్ష, రోజుకో బిల్లు. ఎకరం అమ్మకానికి పెడతారు. చివరికి ఎవరో ఒక బంధువు, ఇంక ఇంటికి తీసుకుపోదాం అంటాడు. డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా బాధ్యత మాదే అని కుటుంబం చేత సంతకం పెట్టిస్తారు. అంబులెన్సులో ఒకరు చేత్తో అంబు బ్యాగు నొక్కుతూ ఊపిరి అందిస్తుంటే ఊరు చేరతారు. మంచం మీదికి దించాక బ్యాగు తీసేస్తారు, అంబులెన్సు వెనక్కి వెళ్లిపోతుంది. ఆ తర్వాతి గంటలు, ఒక్కోసారి ఆ తర్వాతి రెండు రోజులు, ఆ మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతూ ఉంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూడాలి. నొప్పి తగ్గించడానికి మార్ఫిన్ ఉండదు, ఆయాసం తగ్గించే మందు ఉండదు, చూసి వెళ్లే నర్సు ఉండదు. ఆ సంతకంతో ఆస్పత్రి బాధ్యత తీరిపోయింది. బతికించే వైద్యం ఆపేశారు సరే, బాధ తగ్గించే వైద్యం కూడా ఆగిపోయింది. మన జిల్లాల్లో ఇలా ఇంటికి చేరినవాళ్లు లేని ఊరు ఉండదనుకుంటాను. నన్నడిగితే మందులు ఆపడం కన్నా ఘోరం, ఆపిన తర్వాత మనిషిని అలా ఒంటరిగా వదిలేయడం.

పద్ధతి ప్రకారం ఆస్పత్రిలోనే, డాక్టర్ల సమక్షంలో, నొప్పి తెలియకుండా చూస్తూ, ఇక పనికిరాని యంత్రాలను తొలగించే మార్గం మన దేశంలో చట్టబద్ధంగా ఉంది. అక్కడిదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముంబయిలోని కేఈఎం ఆస్పత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు ఉండేవారు. 1973 నవంబరు 27న అదే ఆస్పత్రిలో పనిచేసే వార్డు బాయ్ ఒకడు ఆమె మెడకు కుక్క గొలుసు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు రక్తం అందక ఆమె మళ్లీ కోలుకోలేదు. అప్పటి నుంచి నలభయ్యొక్కేళ్లకు పైగా ఆ ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు. ఆమె పరిస్థితి చూడలేక పింకీ వీరానీ అనే రచయిత్రి సుప్రీంకోర్టుకు వెళ్లారు, ఆమెకు ఆహారం ఆపి ప్రశాంతంగా పోనివ్వమని. కేఈఎం నర్సులూ డాక్టర్లూ ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు మా బిడ్డలా చూసుకున్నాం, ఇక ముందూ చూసుకుంటాం అన్నారు. అన్నేళ్లు మంచంలో ఉన్న మనిషి ఒంటి మీద ఒక్క పుండు కూడా లేకుండా వాళ్లు చూసుకున్నారని కోర్టే మెచ్చుకుంది. 2011 మార్చి 7న వచ్చిన తీర్పు అరుణ తరఫున మాట్లాడే హక్కు పింకీ వీరానీకి కాదు, ఆ ఆస్పత్రి సిబ్బందికే ఉందంది. వాళ్లు వద్దన్నారు కాబట్టి ఆమె విషయంలో అనుమతి ఇవ్వలేదు. అయితే ఇలాంటి స్థితిలో ఉన్నవారికి ప్రాణాధార చికిత్స ఆపడానికి హైకోర్టు అనుమతితో వీలు కల్పించింది. 2015 మే 18న న్యుమోనియాతో అరుణ పోయారు.

ఈ కేసులో ఎవరి వైపు నిలబడాలో నాకు నేటికీ తేలదు. ఆ రచయిత్రిదీ కరుణే, ఆ నర్సులదీ కరుణే. తేలనిదల్లా అరుణ ఏం కోరుకుని ఉండేవారన్నది. పాతికేళ్ల వయసులో దాడికి గురైన ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఆ వయసులో ఎవరు మాత్రం రాస్తారు! అందుకే దేశంలోని పెద్ద న్యాయస్థానంలో కూడా ఆమె గురించి ఇతరులు వాదించుకోవలసి వచ్చింది.

మన హైదరాబాదులోనే దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథ ఒకటి జరిగింది. వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు, పాతికేళ్లవాడు, కండరాలు క్షీణించిపోయే వ్యాధితో ఆస్పత్రిలో ఉన్నాడు. అది 2004 సంవత్సరం. తనకు తెలివి స్పష్టంగా ఉంది. ఎలాగూ పోతాను, ఇన్ఫెక్షన్ సోకి అవయవాలు పాడవక ముందే వాటిని ఇంకొకరికి ఇచ్చేయండి, నన్ను పోనివ్వండి అన్నాడు. ఆ కోరికను గుండె దిటవు చేసుకుని హైకోర్టుకు తీసుకువెళ్లింది అతని కన్నతల్లి. మెదడు పనిచేయడం ఆగిందని నిర్ధారించాకే ప్రాణాధార అవయవాలు తీయాలని 1994 నాటి చట్టం చెబుతోంది కాబట్టి కోర్టు అనుమతించలేకపోయింది. ఆ డిసెంబరులోనే వెంకటేశ్ పోయాడు, కళ్లు మాత్రం దానం చేయగలిగారు. అతడు కోరినది ఇవాళ్టికీ చట్టం ఒప్పుకోదు, ఆ సంగతి దాచకుండా చెప్పాలి. ఇవాళ నేను చెబుతున్న కాగితం ప్రాణం తీయమని అడగడానికి కాదు. విషపు ఇంజెక్షను ఇవ్వడం మన దేశంలో నేరమే, ఎవరు రాసి పెట్టినా నేరమే. నయమయ్యే ఆశ లేని స్థితిలో చావును సాగదీసే చికిత్స వద్దనడానికి మాత్రమే ఇది పనికివస్తుంది. వెంకటేశ్ విషయంలో నన్ను కదిలించేది వేరే ఉంది. ఆ కుర్రవాడు ఏం కోరుకుంటున్నాడో అతని తల్లికి తెలుసు. ఆవిడ ఊహించుకోనక్కర్లేకపోయింది.

కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన వ్యాజ్యం మీద 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా దానికి నాయకత్వం వహించారు. రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో గౌరవంగా మరణించే హక్కు కూడా భాగమేనంది. అంతేకాదు, మేజరైన ఏ వ్యక్తి అయినా తన వైద్యం గురించి ముందుగా రాసి పెట్టుకోవచ్చని చెప్పింది. హక్కయితే వచ్చింది గాని, పద్ధతి మరీ కఠినంగా పెట్టారు. ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం చేస్తేనే ఆ కాగితం చెల్లేది. అమలు చేయాలంటే ఆస్పత్రిలో ఒక బోర్డు, కలెక్టరు వేసిన ఇంకొక బోర్డు, ఆపైన మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి రోగిని చూడటం. ఇంతమందిని పోగుచేసేలోపు ఆ మనిషి పోయేవాడు. ఐసీయూల్లో పనిచేసే డాక్టర్ల సంఘం మళ్లీ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2023 జనవరి 24న మరో అయిదుగురు న్యాయమూర్తులు ఆ పద్ధతిని సడలించారు. పార్లమెంటు చట్టం చేసేదాకా ఈ తీర్పే చట్టం.

ఇప్పుడు ఆ పద్ధతి చెబుతాను, రాసుకోండి.

పద్దెనిమిదేళ్లు నిండి, మంచిచెడ్డలు ఆలోచించుకోగల మనస్థితిలో ఉన్నవారెవరైనా రాయవచ్చు. జబ్బు ఉండనక్కర్లేదు, ముసలితనం రానక్కర్లేదు. ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నానని అందులో ఉండాలి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్లు స్వతంత్రులైతే, అంటే మీ ఆస్తితో సంబంధం లేనివాళ్లయితే మంచిది. ఆ తర్వాత నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని దాన్ని ధ్రువీకరించాలి. మన ఊళ్లలో తహసీల్దారు ఉంటారు, హైస్కూలుకు గెజిటెడ్ హెడ్మాస్టరు ఉంటారు, వాళ్లలో ఎవరైనా సరిపోతారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి రిజిస్టరు చేయించే పని లేదు.

కాపీ ఒకటి మీరు పేరు రాసిన మనుషులకు ఇవ్వాలి, కుటుంబ వైద్యుడు ఉంటే ఆయనకూ ఇవ్వాలి. ఇంకొక కాపీ మీ స్థానిక సంస్థకు, అంటే పంచాయతీకో, మున్సిపాలిటీకో, నగరపాలక సంస్థకో ఇవ్వాలి. అక్కడ ఒక అధికారిని ఈ కాగితాలకు సంరక్షకుడిగా నియమించాలని తీర్పులో ఉంది. గోవాలో 2024 మే నెలలో ఈ ఏర్పాటు మొదలైనప్పుడు బాంబే హైకోర్టు న్యాయమూర్తి ఒకరు తన లివింగ్ విల్ ముందుగా ఇచ్చి దారి చూపించారు. మహారాష్ట్ర అధికారులను నియమించింది, కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మీ పంచాయతీ కార్యదర్శికి ఈ సంగతి తెలియకపోవచ్చు. తెలియదన్నారని కాగితం వెనక్కి తెచ్చుకోకండి. ఇచ్చి, అందినట్టు రసీదు అడగండి. నలుగురు వెళ్లి అడిగితేనే ఆఫీసుల్లో ఒక పని పద్ధతిగా మారుతుంది. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా ఉన్నవాళ్లు అందులో కూడా చేర్చుకోవచ్చు. బ్యాంకు లాకరులో మాత్రం దాచకండి. అర్ధరాత్రి ఐసీయూ బయట నిలబడ్డవారికి లాకరు తెరుచుకోదు.

ఇక అందులో ఏం రాయాలి? దీనిమీద నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. చాలామంది యంత్రాల జాబితా రాయడానికి కూర్చుంటారు. వెంటిలేటర్ వద్దు, డయాలిసిస్ వద్దు, ముక్కులో ట్యూబు వద్దు, గుండె ఆగితే ఛాతీ నొక్కవద్దు అని. రాయండి, తప్పు లేదు, స్పష్టంగా లేని మాట చెల్లదని తీర్పే అంటోంది. కానీ పదిహేనేళ్ల తర్వాత మనకు ఏ జబ్బు వస్తుందో, అప్పటికి ఏ వైద్యం వస్తుందో ఎవరు చెప్పగలరు? న్యుమోనియా వచ్చిన మనిషికి నాలుగు రోజుల వెంటిలేటర్ ప్రాణం నిలబెడుతుంది, మళ్లీ నడుచుకుంటూ ఇంటికి వస్తాడు. క్యాన్సర్ ఒళ్లంతా పాకిన మనిషికి అదే వెంటిలేటర్ చివరి పది రోజులను నరకం చేస్తుంది. యంత్రం ఒక్కటే, సందర్భం వేరు. అన్ని సందర్భాలనూ ఊహించి ఏ కాగితమూ రాయలేం. అందువల్ల ఆ కాగితంలో అన్నిటికన్నా విలువైనది యంత్రాల పేర్లున్న పంక్తి కాదు, మనిషి పేరున్న పంక్తి. నాకు చెప్పే స్థితి లేనప్పుడు నా తరఫున వీళ్లు చెబుతారు అని పేర్లు రాస్తారు చూడండి, అది. సంరక్షకులుగా గాని దగ్గరి బంధువులుగా గాని ఒకరికి మించి పేర్లు ఇవ్వవచ్చు.

ఆ పేరు ఎవరిది కావాలన్నది నిదానంగా ఆలోచించాలి. పెద్దకొడుకనో, బాగా చదువుకున్నవాడనో రాసేయకండి. మీ మీద ప్రేమ ఎక్కువున్నవాళ్లు కూడా ఒక్కోసారి సరైనవాళ్లు కారు, వదులుకోలేరు. మీ ఇష్టాన్ని తన ఇష్టంతో కలిపేయకుండా, పదిమంది ఎదుట గొంతు వణికినా సరే, నాన్న ఇలా చెప్పాడు అని నిలబడి చెప్పగలవారు కావాలి. అది కోడలు కావచ్చు, మేనల్లుడు కావచ్చు, ముప్ఫయ్యేళ్లుగా తెలిసిన స్నేహితురాలు కావచ్చు. పిలిస్తే రెండు మూడు గంటల్లో రాగలిగే చోట ఉండటం కూడా ముఖ్యమే.

మీకు కావలసినవి కూడా రాయండి. వద్దనేవి మాత్రమే రాస్తే అది సగం కాగితం. నొప్పి తెలియకుండా మందు ఇవ్వండి, దానివల్ల మత్తుగా ఉన్నా పర్వాలేదు అని రాయవచ్చు. వీలైతే ఇంట్లోనే ఉంచండి అని రాయవచ్చు. కొందరికి నోట్లో తులసి తీర్థం పడాలని ఉంటుంది, కొందరికి చెవిలో కలిమా వినబడాలని, కొందరికి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయాలని ఉంటుంది. అదంతా చట్టానికి పట్టకపోవచ్చు, మీ పిల్లలకు పడుతుంది. ఏ స్థితిని మీరు బతుకు అనుకుంటారో ఒక వాక్యంలో మీ మాటల్లో రాయండి. మనవల్ని గుర్తుపట్టగలిగితే చాలు, నడవలేకపోయినా బతికించండి అనేవారు ఉన్నారు. నా అన్నం నేను తినలేని రోజు వద్దు అనేవారూ ఉన్నారు. రెండూ సరైన కోరికలే. ఆ వాక్యం వకీలు రాయలేడు.

ఈ కాగితం ఎప్పుడు పనిలోకి వస్తుందన్నది కూడా తెలియాలి, ఎందుకంటే జనానికి ఉన్న భయమంతా ఇక్కడే. రాసేస్తే ఇక నాకు వైద్యమే చెయ్యరేమో అంటారు. అలా కాదు. రోడ్డు ప్రమాదం జరిగి ఆస్పత్రికి వెళ్లినా, గుండెపోటు వచ్చి వెళ్లినా మామూలుగానే చూస్తారు. మీరు మాట్లాడగలిగినంత కాలం మీ నోటిమాటే చెల్లుతుంది, కాగితం వైపు ఎవరూ చూడరు. నయంకాని జబ్బు చివరి దశకు వచ్చి, చికిత్స చాలాకాలంగా సాగుతూ, కోలుకునే ఆశ లేకుండా, నిర్ణయం చెప్పే శక్తి కూడా పోయినప్పుడే అది బయటికి వస్తుంది. అప్పుడైనా ఒక్క డాక్టరు ఇష్టానికి వదలరు. వైద్యం చేస్తున్న డాక్టరు, అయిదేళ్ల అనుభవానికి తగ్గని మరో ఇద్దరు నిపుణులు మొదటి బోర్డు. వాళ్లు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరుతో కలిసి, మొదటి బోర్డులో లేని నిపుణులతో రెండో బోర్డు. వాళ్లకూ అంతే వ్యవధి. రెండు బోర్డులూ ఒప్పుకుని, మీరు పేర్లు రాసినవాళ్లూ ఒప్పుకున్నాక, ఆస్పత్రి మేజిస్ట్రేటుకు తెలియజేసి అమలు చేస్తుంది. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు. కాగితమే రాయకపోయినా కుటుంబసభ్యుల అంగీకారంతో ఈ రెండు బోర్డుల దారి తెరిచే ఉంది. ఇంటికి తీసుకుపోతామని సంతకం పెట్టేముందు ఈ దారి ఉందని ఆస్పత్రివాళ్లను అడగండి.

ఒక అపోహ తీర్చాలి. మా అబ్బాయికి జి.పి.ఏ. ఇచ్చాను, ఇక వేరే కాగితం ఎందుకండీ అని అడుగుతుంటారు. భూముల లావాదేవీల పుణ్యమా అని మనకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ బాగా తెలుసు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, ఇచ్చినవారికి మతి తప్పితే ఆ అధికారం అక్కడితో ముగిసిపోతుంది. సరిగ్గా మీకు అవసరమైన రోజునే అది పనిచేయదు. అలాగే జీవన్‌దాన్‌లో అవయవదానానికి పేరు నమోదు చేసుకోవడం ఎంతో గొప్ప పని, కానీ అది వేరు. మానసిక అనారోగ్యం వస్తే ఎలాంటి చికిత్స కావాలో ముందే రాసుకునే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది, అదీ వేరు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లి ఉండే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ ఆస్పత్రిలో చేరగానే అడ్వాన్స్ డైరెక్టివ్ ఉందా అని అడుగుతారు. చిన్న ఆపరేషనుకు వెళ్తే చావు గురించి అడుగుతారేమిటని మనవాళ్లు హడలిపోతారు. అలా అడగాలని 1990లో వాళ్లు చట్టం చేసుకున్నారు, అందరినీ అడుగుతారు. మీరు ఇక్కడ రాసిన కాగితం అక్కడ చెల్లుతుందని నమ్ముకోవద్దు. మీరు ఉంటున్న రాష్ట్రానికి దాని ఫారం ఉంటుంది, దాన్ని నింపి మీ తరఫున మాట్లాడేవారి పేరు రాయండి. ఇక ఇక్కడ ఉన్న అమ్మానాన్నల గురించి అక్కడ తల్లడిల్లే పిల్లలకు కూడా చెప్పాలి. ఆదివారం ఫోనులో బీపీ మాత్రలు వేసుకున్నారా అని అడుగుతారు కదా, ఒక్క ఆదివారం ఈ సంగతి అడగండి. అమ్మా, నీకు ఏదైనా అయితే నువ్వెలా చెయ్యమంటావో చెప్పు, నువ్వు చెప్పినట్టే చేస్తాం అనండి. మొదటిసారి కసురుకుంటుంది. రెండోసారి మీరు అడగకముందే తనే మొదలుపెడుతుంది. పెద్దవాళ్లకు చెప్పాలనే ఉంటుంది, వినేవాళ్లు దొరకరు.

నొప్పి తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో అందుకు విభాగం ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉంది, తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లోనూ కేంద్రాలు పెట్టారు. జబ్బు నయం కాదని తెలిసిన రోజునే వీళ్ల గురించి వాకబు చేయండి, ఆఖరి వారం దాకా ఆగకండి. యంత్రాలు వద్దని రాసిన మనిషికి ఈ వైద్యం అందకపోతే ఆ కాగితం అన్యాయమే చేసినట్టు.

రాసినది ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు, అది కూడా రాతపూర్వకంగానే చేయాలి. రెండు కాగితాలుంటే తర్వాతి తేదీదే చెల్లుతుంది. భర్త పోయినా, కొత్త జబ్బు బయటపడినా, పేరు రాసిన మనిషి ఊరు మారినా ఒకసారి తీసి చదువుకోండి.

చివరగా, ఎవరూ లేనివారి సంగతి. పిల్లలు లేనివారు, భర్త పోయి ఒంటరిగా ఉన్న స్త్రీలు, పెళ్లి చేసుకోనివారు, వృద్ధాశ్రమాల్లో ఉంటున్నవారు. మాకు ఎవరున్నారు రాసుకోవడానికి అని వీళ్లే ముందు తప్పుకుంటారు. వరండాలో కొట్లాడుకోవడానికైనా ముగ్గురు పిల్లలున్న ఇంటికన్నా వీళ్లకే ఈ కాగితం ఎక్కువ అవసరం. సంరక్షకుడు రక్తసంబంధీకుడే కావాలని తీర్పులో లేదు. మీతో కలిసి పనిచేసిన టీచరు, పక్క వాటాలో ఉండే కుటుంబం, ఆశ్రమంలో మీ మంచిచెడ్డలు కనుక్కునే మనిషి, వాళ్లను అడగండి. నా తరఫున ఒకమాట చెప్పగలవా అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. వాళ్లు సరేనన్న రోజునే ఇద్దరు సాక్షులను పిలుచుకుని నోటరీ దగ్గరకు బయలుదేరండి.